రంగు తగలని చోటు

నెల్లూరు

చి. సుధకు,

నువ్వు పంపిన మూడు కార్డులూ నిన్న అందాయి. రెండు బాగానే ఉన్నాయి. మూడోదాని మీద అతికించిన పువ్వు మాత్రం కవరు చింపగానే ఊడి నా ఒళ్ళో పడింది. “బాటిక్ రావట్లేదత్తా, కాగితం పాడైపోతోంది” అని మొన్న ఫోన్లో గొణిగావు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

నువ్వు రంగు వేద్దామని కూర్చుంటున్నావు. చిక్కంతా అక్కడే ఉంది. బాటిక్‌లో ముందు చూసుకోవలసింది రంగు ఎక్కడ తగలకూడదన్నది. ముగ్గులో పిండి పడ్డ గీత అప్పటికప్పుడు తెల్లగా కనిపిస్తుంది. ఇక్కడ తెల్లకాగితం మీద నువ్వు గీసిన మైనపు గీత నీకే సరిగ్గా కనబడదు, రంగు పూశాకే బయటపడుతుంది. ఒకప్పుడు మన మచిలీపట్నం వైపు కలంకారీ పనివాళ్ళకూ ఇదే లెక్క. నీలిమందు తొట్టిలో బట్ట మొత్తం ముంచాల్సిందే కాబట్టి, నీలం అక్కర్లేని చోటల్లా ముందే మైనంతో కప్పేవాళ్ళు. నువ్వూ పెన్సిలు పట్టగానే ఏది తెల్లగా మిగలాలి, ఏది పసుపుగా మిగలాలి అని గుర్తు పెట్టుకో. తెల్లగా ఉండాల్సిన చోట మైనం, ఆపైన పసుపు. ఆరాక పసుపుగా ఉండాల్సిన చోట మళ్ళీ మైనం, ఆపైన నారింజ. చివర్న ముదురు నీలమో, నల్లటి గోధుమరంగో. లేత నుంచి ముదురుకే పోవాలి, వెనక్కి రావడం కుదరదు.

ఇక మైనం సంగతి. తేనెమైనం సగం, తెల్ల కొవ్వొత్తి ముక్కలు సగం కలుపు. వట్టి తేనెమైనం సాగుతుంది, పగలదు. వట్టి కొవ్వొత్తి పెళుసు, ముట్టుకుంటే రాలిపోతుంది. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకు. పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి అందులో చిన్న గిన్నె దించు. పొగ కనబడిందంటే స్టవ్ కట్టెయ్. ఖర్మకాలి అంటుకుంటే నీళ్ళు మాత్రం చల్లకు, మూత పెట్టు.

వేడి సరిపోయిందా లేదా అన్నది కాగితమే చెబుతుంది. బ్రష్షు ముంచి చిత్తుకాగితం మీద ఒక గీత లాగి, తిప్పి చూడు. వెనకవైపు నూనె పీల్చిన పకోడీ పొట్లంలా గీత పారదర్శకంగా దిగి ఉంటే సరే. పైపైన తెల్లగా గడ్డకట్టి గోటితో గీకగానే వచ్చేస్తే మైనం చల్లబడిపోయినట్టు, దాని కింద నుంచి రంగు దూరిపోతుంది. నీ మొదటి కార్డులో ఆకు అంచులు అలుక్కుపోయింది అందుకే. ఇంకొకటి, రంగు పూశాక మైనం మీద చిన్నచిన్న బొట్లు నిలుస్తాయి చూడు, వాటిని ఆరేలోపు మెత్తటి గుడ్డతో అద్దెయ్. వదిలేస్తే ఇస్త్రీ చేసేటప్పుడు అవన్నీ కాగితంలోకి దిగి మశూచి మచ్చల్లా మిగులుతాయి.

మైనంలో నీకు బాగా నచ్చే ఆ పగుళ్ళ విషయానికొస్తే, జావాలో రాగిమూతి ఉన్న చాంటింగ్ అనే మైనపు కలం పట్టుకుని చుక్కచుక్కా పెట్టే ఆడవాళ్ళు అలాంటి పగుళ్ళు వస్తే పని చెడిందనుకుంటారు. మనమేమో అవి లేకపోతే బాటికే కాదంటాం. నేనూ అంటాను. కానీ నలిపే కాగితానికి బలముండాలి. మామూలు జిరాక్స్ కాగితం మడత దగ్గరే చిరిగిపోతుంది. 200 జీఎస్‌ఎం వాటర్ కలర్ పేపరో, నూలుగుడ్డతో చేసిన చేతికాగితమో తీసుకో. మైనం పూశాక పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, తీసిన వెంటనే నలుపు. పిడికిట్లో పెట్టి నొక్కెయ్యకు, అప్పడం విరిచినట్టు అక్కడక్కడ విరువు. ఆపైన పలచటి నల్లసిరా రుద్దితే సన్నటి దారాల్లా పరుచుకుంటుంది.

చివరికి మైనం తీసే ఇస్త్రీ ఆవిరి లేకుండా చెయ్యాలి. కాగితానికి తగిలే పొర అచ్చులేని తెల్లకాగితమే కావాలి. నేరుగా న్యూస్ పేపరు పరిచావో, రేపు నీ పుట్టినరోజు కార్డు మీద ఎవరిదో సంతాప ప్రకటన తిరగేసి కనిపిస్తుంది. మైనంతో తడిసిన కాగితాలు మారుస్తూ ఉండు. ఎంత చేసినా మైనం మొత్తం పోదు. అది తప్పు కాదు, వెలుతురుకు పెడితే ఎంత అందంగా ఉంటుందో. కార్డుకు కిటికీలా కోసి వెనక నుంచి ఈ బాటిక్ కాగితం పెట్టి చూడు.

నీ పువ్వు ఊడింది కూడా ఈ మిగిలిన మైనం వల్లే. మైనం పీల్చిన కాగితాన్ని తెల్లజిగురు పట్టుకోదు. పువ్వు కత్తిరించి అతికించడం మానెయ్. చుట్టూ అరంగుళం మైనం తగలని అంచు వదిలి, ఆ అంచుకే జిగురు పెట్టు.

హీట్ గన్నూ ఎంబాసింగ్ పౌడరూ పెట్టి చెయ్యొచ్చా అని అడిగావు. చెయ్యి, నాకేం అభ్యంతరం లేదు. పది కార్డులు ఒకేలా కావాలంటే అదే మేలు. పారదర్శకమైన పౌడరుతో ముద్ర వేసి, కరిగించి, నీటి సిరా పూసి, ఆరాక ఇస్త్రీతో ఆ పొర తీసెయ్యడమే. గీత కత్తితో కోసినట్టు వస్తుంది. నాకు ఆ చక్కదనమే కాస్త విసుగు, కానీ కొనేవాళ్ళకు నచ్చుతుంది. పగుళ్ళే కావాలంటే మూడుసార్లు మందంగా కరిగించి, ఫ్రిజ్‌లో పెట్టి విరిచి సిరా రుద్దు.

స్క్రాప్‌బుక్కు మాత్రం వేరే సంగతి. మీ నాన్న పెళ్ళి ఆల్బమ్‌లో మీ అమ్మ చీరచెంగు దగ్గర ఒక గోధుమరంగు మచ్చ ఉంటుంది, చిన్నప్పుడు “ఇదేంటి?” అని అడిగేదానివి. కాఫీ ఒలికిందని మీ నాన్న చెప్పేవాడు. కాఫీ కాదే, నా బాటిక్. ఫోటో పక్కన ముచ్చటపడి పెట్టాను, మే నెల ఎండకు బీరువా పైన ఆ ఆల్బమ్ కాగి మైనం ఫోటోలోకి దిగింది. పాపం వాడు ఇన్నేళ్ళూ నా మాట బయటపెట్టలేదు. కాబట్టి ఆల్బమ్‌కు మైనం పట్టిన అసలు కాగితం వాడకు. దాన్ని స్కాన్ చేయించి, ఆమ్లం లేని మంచి కాగితం మీద ప్రింటు తీయించి అది అతికించు. అసలుది విడిగా దాచుకో.

విడిగా పార్శిల్లో తేనెమైనం ముక్క, నా పాత బ్రష్షు పంపుతున్నాను. బ్రష్షు పుల్లలా గట్టిగా ఉంటుంది, పాడైందని పారేసేవు! వేడి మైనంలో కాసేపు నిలబెడితే కుచ్చు దానంతటదే విచ్చుకుంటుంది.

ఇట్లు
మీ అత్తయ్య