వీడియో అయిపోయాక నీ పని

రమ్యా,

పాఠమంతా క్లాసులోని డిజిటల్ ప్యానెల్లోనే వచ్చేస్తోంది, ఇక నేను చెప్పేదేముంది పెద్దమ్మా అని అడిగావు. డీఎస్సీ రాసి, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే ఇంత దిగులేమిటే? పిల్లలు మనసులో తప్పుగా అనుకున్నదాన్ని బయటికి రప్పించడం నీ పని. అది ఏ వీడియో వల్లా కాదు.

వచ్చేవారం పదో తరగతికి విద్యుత్తు పాఠం కదా. ఫెట్ సిమ్యులేషన్లలో సర్క్యూట్లు కట్టేది తెరువు. కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి, తెలుగులోనూ దొరుకుతాయి. రెండు బల్బులు శ్రేణిలో కలుపు. స్విచ్ వేయకముందే ఆగి, ఏది ఎక్కువ వెలుగుతుందో నోటుబుక్కులో రాయించు. చేతులెత్తమనకు. ఫస్టొచ్చే పిల్లను చూసి అందరూ ఎత్తేస్తారు. మొదటి బల్బు కరెంటు తినేస్తుంది, రెండోదానికి తక్కువ అందుతుంది అని చాలామంది రాస్తారు. రాశాకే స్విచ్ వెయ్యి. రెండూ సమానంగా వెలుగుతాయి.

అక్కడితో వదిలేశావో, నీకు చీవాట్లే! బల్ల మీద టార్చిలైటు బల్బులు రెండు, సెల్లులు, వైర్లు పెట్టి వాళ్ల చేతే కట్టించు. ఇక్కడ ఒక బల్బు కాస్త మసగ్గా వెలగొచ్చు. "చూశారా టీచర్, మేం రాసిందే నిజం" అని గోల చేస్తారు. కంగారుపడి నువ్వు జవాబు చెప్పేయకు. బల్బులు అటుదిటు మార్చమను. మసకది ఎక్కడ పెట్టినా మసకే. తేడా చోటులో లేదు, ఫిలమెంటులో ఉంది. తెర మీద బల్బులన్నీ ఒక్కలాంటివే, కొట్లో కొన్నవి అలా ఉండవు. ఇప్పుడు బల్బుకి ముందొకసారి, వెనకొకసారి అమ్మీటరు కలిపి చూడమను. రీడింగు ఒకటే. తెర ఒకటి చెప్పి బల్ల ఇంకొకటి చెప్పిన ఆ పది నిమిషాలే, తల్లీ, అసలైన పాఠం. సిలబస్ వెనకబడుతుందని వాటిని కోసేయకు.

ఇంటికి పంపిన వీడియో సగం మంది చూడలేదని కోప్పడ్డావట. అది నాకు నచ్చలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్నతో పనికి వెళ్లిపోతే పిల్ల ఏం చేస్తుంది? పాఠం ఇంట్లో విని, లెక్కలు బడిలో చేసే పద్ధతిని కొలరాడోలోని వుడ్‌ల్యాండ్ పార్క్‌లో 2007లో ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు బాగా వాడారు. ఇంటర్నెట్ లేని పిల్లలకు వాళ్లు డీవీడీలు ఇచ్చారు. నువ్వు ఆ వీడియోని క్లాసులోనే పది నిమిషాలు వెయ్యి, మధ్యలో రెండుసార్లు ఆపు. లెక్కలు మాత్రం నీ కళ్లముందే చేయించు. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో నువ్వు చూడాలి.

బల్బులు నాలుగు ఎక్కువే కొనుక్కెళ్లు. రెండు బల్బులకి మూడు సెల్లులు బాగానే ఉంటాయి గానీ, ఒంటి బల్బుకి మూడూ పెట్టనివ్వకు, మాడిపోతుంది.

మీ పెద్దమ్మ