పడిపోయిన నోటు

చెల్లీ, పొయ్యి మీద పాలు లేకపోతే ఓ పావుగంట ఇలా వచ్చి కూర్చో. ఊళ్లో ఇళ్లకి స్టార్లు వేలాడదీయడం మొదలైందంటే చాలు, నాకో సంగతి గుర్తొచ్చి మనసు పీకుతూ ఉంటుంది. ఎవరికో ఒకరికి చెప్పేస్తేనే గాని తేలికపడను.

పోయినేడాది మా అపార్టుమెంటులో సెమీ క్రిస్మస్ చేశాం. చర్చికి వెళ్లేవాళ్లు మాలో నాలుగిళ్ల వాళ్లే. కేకు కోసే వేళకి మాత్రం అందరం వచ్చేశాంలే. తలా మూడొందలు వేసుకుని ఇరవై దుప్పట్లు కొన్నాం. ఎదురుగా కడుతున్న బిల్డింగు దగ్గర పరదాలు కట్టుకుని కూలీలు ఉంటున్నారు, వాళ్లకి ఇద్దామని. ఇంతవరకు బాగానే ఉంది. ఇచ్చేటప్పుడు ఫొటో అన్నారు. దుప్పటి ఒకటి, దాన్ని పట్టుకున్న చేతులు పన్నెండు. అందులో నా చెయ్యి కూడా ఉంది, అదీ గాజులు కనబడేలా! పుచ్చుకునే పిల్లకి పదిహేనేళ్లుంటాయేమో, ‘ఇటు చూడమ్మా’ అంటే ఆ దుప్పట్లోనే మొహం దాచుకుంది. సిగ్గుపడుతోందని అందరం నవ్వాం. రాత్రి వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో మళ్లీ చూస్తే అది అలాంటి సిగ్గు కాదని అర్థమైంది. అప్పటికే దాని కింద ముప్పై దండాలు పడ్డాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక మా ఆడపడుచు కూతురికి ఫోన్ చేశాను. అది అమెరికాలో కాన్సాస్ సిటీలో ఉంటుంది. నా గోడంతా విని, ‘అత్తా, మా ఊళ్లో లారీ స్టీవర్ట్ అని ఒకాయన ఉండేవాడు, ఆయన సంగతి విను’ అంది.

1971లో ఆయన ఊరూరా తిరిగి సరుకు అమ్మే కుర్రాడు. మిసిసిపీ రాష్ట్రంలో హ్యూస్టన్ అనే చిన్న ఊళ్లో చిక్కుకుపోయాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. పడక కారులోనే. తిండి తిని రెండు రోజులైంది. అంతకుముందు ఒక చర్చికి వెళ్లి సాయం అడిగితే ఆ పని చూసే మనిషి వెళ్లిపోయారు, రేపు రమ్మన్నారట. ఇక ఎవర్నీ అడగనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. కానీ కడుపు ఊరుకుంటుందా! ఒక హోటల్లో కూర్చుని కడుపు నిండా తిని, పర్సు పోయినట్టు నాటకం మొదలెట్టాడు. జేబులు తడుముకోవడం, బల్ల కింద వెతకడం. ఆ హోటలు యజమాని టెడ్ హార్న్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. మెల్లగా ఇవతలికి వచ్చి, కుర్రాడి కుర్చీ దగ్గర వంగి, 20 డాలర్ల నోటు తీసి, నీ దగ్గర్నుంచే పడినట్టుంది బాబూ అని చేతిలో పెట్టాడు. స్టీవర్ట్ బిల్లు కట్టి బయటపడ్డాడు. కాస్త దూరం వెళ్లాక గాని, అక్కడ ఎవరి నోటూ పడలేదని ఆయనకి వెలగలేదు.

నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను చెల్లీ. ఇద్దరివీ అబద్ధాలే. ఒకడిది తిండి కోసం, ఇంకొకడిది ఆ మొదటి అబద్ధం పరువు కాపాడటం కోసం.

తర్వాత 1979 డిసెంబరు. సరిగ్గా పండగ ముందు స్టీవర్ట్ ఉద్యోగం పోయింది. కారు దగ్గరికే తినేవి తెచ్చిచ్చే హోటలుకి వెళితే, ఆ చలిలో పల్చటి కోటుతో ఒకమ్మాయి వణుకుతూ వచ్చింది. 20 డాలర్లిచ్చి చిల్లర ఉంచుకోమన్నాడు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన తిన్నగా బ్యాంకుకి వెళ్లి 200 డాలర్లు తీసి, అవసరంలో ఉన్నట్టు కనబడిన వాళ్ల చేతుల్లో పెట్టేశాడు. ఆ తర్వాత కేబుల్ టీవీ, ఫోన్ల వ్యాపారాల్లో బాగా సంపాదించాడు. అయినా ఏటా డిసెంబరులో బట్టలుతికే షాపులు, బస్టాండ్లు, చిన్న హోటళ్లు తిరిగేవాడు. వంద నోటు చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడు. ఫారం నింపమనేది లేదు, ఆధారాలు చూపమనేది లేదు. అలా 26 ఏళ్లలో దాదాపు 13 లక్షల డాలర్లు పంచాడు. అందరూ సీక్రెట్ శాంటా అనేవాళ్లు గాని, పేరు తెలియదు. క్యాన్సరు వచ్చాక 2006లో తనే బయటపెట్టాడు. మరుసటి జనవరిలో పోయాడు. టెడ్ హార్న్‌ని మాత్రం 1999లోనే వెతికి పట్టుకుని, పదివేల డాలర్లు చేతిలో పెట్టి వచ్చాడు.

మా అత్తగారు ఇదంతా విని, ‘అపాత్రదానమైతేనో?’ అన్నారు. అయితే అయింది! మనం పట్టుచీర కొనేటప్పుడు ఒంటికి నప్పుతుందా అని చూస్తాం గాని, షాపువాడు పాత్రుడేనా అని అడుగుతామా?

ఇచ్చేవాడు కనబడకూడదనే మాట క్రిస్మస్ తాత కన్నా పాతది. ఆ తాత కథ ఎవరి నుంచి వచ్చిందంటే, ఇప్పటి టర్కీలో మైరా అనే ఊరి బిషప్పు, నాలుగో శతాబ్దపు నికొలస్ నుంచి. చితికిపోయిన ఒక తండ్రి, ముగ్గురు కూతుళ్లు, కట్నానికి డబ్బుల్లేవు. ఈ బాధ మనకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు కదా! నికొలస్ రాత్రిపూట వాళ్ల కిటికీలోంచి బంగారం మూట విసిరేసి వెళ్లేవాడట. పుచ్చుకునేవాళ్ల పరువు కాపాడటంలో మన మెదక్ చర్చి సంగతి ఇంకోలా ఉంటుంది. కరువు రోజుల్లో దాన్ని కట్టించిన పాస్నెట్ దొర ఊరికే గంజి పోయకుండా గుడి కట్టే పని చూపించి తిండి పెట్టాడని చెబుతారు. 1924లో సరిగ్గా క్రిస్మస్ నాడే దాన్ని ప్రతిష్ఠించారు.

సరే, నా తెలివి విను. టెడ్ హార్న్ ఉపాయం నేనూ ప్రయోగించాను. రైతుబజారులో ఆకుకూరలమ్మే ముసలామె గంప పక్కన రెండొందల నోటు జారవిడిచి గబగబా నడిచాను. పది అడుగులు వేశానో లేదో, ‘అమ్మా, ఓ అమ్మా, నీ నోటు పడిపోయింది’ అని బజారంతా వినబడేలా కేక! ఆ మోకాళ్ల నొప్పులతో లేచి వచ్చేస్తోంది పాపం. ఇక దాచలేక, పండక్కి ఉంచుకో పెద్దమ్మా అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది. నోటు కొంగున ముడేసుకుని, నాలుగు గోంగూర కట్టలు నా సంచిలో కుక్కి, ఇక పో అంది.

పక్కింటి మేరీ వదిన క్రిస్మస్‌కి కజ్జికాయలు పంపితే, సంక్రాంతికి ఆ గిన్నెలో అరిసెలు పెట్టి గాని తిరిగివ్వం. ఖాళీ గిన్నె పంపకూడదంటాం. మరి లేనివాళ్ల దగ్గర మాత్రం గిన్నె ఎప్పుడూ ఖాళీగానే తెచ్చుకుంటామేం? ఆ ముసలామె నన్ను ఆ పని చెయ్యనివ్వలేదు.

ఆ దుప్పటి పిల్లకి ఒక్క మాట చెప్పుకుందామని జనవరిలో వెళ్లాను. పని అయిపోయి ఇంకో ఊరికి వెళ్లిపోయారని వాచ్‌మన్ చెప్పాడు.

ఈ ఏడు ఇరవై అయిదు దుప్పట్లు తెచ్చి మా ఇంట్లోనే పెట్టాను. ఫోన్లు ఇళ్లలో పెట్టి రావాలని ఒక్కటే షరతు. ఇప్పటిదాకా వస్తామన్నవాళ్లం అయిదుగురం. నువ్వొస్తే ఆరుగురం.