జపాను భాషయందు ప్రౌఢాధ్యయనము: అంతర్జాల సాధనములును తెలుగు వాక్యనిర్మాణమును

జంషెడ్‌పురమునకు జపానుతోడి సంబంధము నిన్న మొన్నటిది కాదు. ఆ నగరమునకు పేరిచ్చిన జంషెడ్జీ టాటా 1893లో నిప్పన్ యూసెన్ కైషా యను జపాను నౌకాసంస్థతో చేయి కలిపి బొంబాయి–కోబే నౌకామార్గమును ప్రారంభింపజేసెను. 2011లో టాటా స్టీలు, నిప్పన్ స్టీలు సంస్థలు 51:49 పాళ్లలో ఒక ఉమ్మడి సంస్థకై ఒడంబడిక చేసికొనగా, మోటారు బండ్లకు వలయు ఉక్కురేకుల కర్మాగారము ఈ నగరముననే వెలసినది. అందుచే నిచ్చట జపాను భాష కేవల కుతూహలవిషయము కాక, బ్రతుకుతెరువునకు పనికివచ్చు విద్యయు నగుచున్నది.

ఉక్కు కర్మాగారమును నమ్ముకొని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబము లీ నగరమున ననేకము కలవు. వారి పిల్లలకు బడిలో హిందీయు ఆంగ్లమును, వీథిలో హిందీయు. తెలుగు తరచుగా ఇంటిమాట మాత్రమే. జపాను నేర్వబోవు అట్టి విద్యార్థికి అంతర్జాలమున లభించు సాధనము లించుమించుగా నన్నియు ఆంగ్లముఖముననే యున్నవి. ఆ ఇంటిమాట యీ విద్య కేమైన నక్కరకు వచ్చునా యను ప్రశ్న ఇచ్చట విచార్యము.

ప్రారంభదశకు సాధనముల కొఱత లేదు. జపాన్ ఫౌండేషను వారి పాఠములే యుచితముగ లభించుచున్నవి. చిక్కు ప్రౌఢదశలో వచ్చును. జపాను భాషా ప్రావీణ్యపరీక్ష 1984లో మొదలై, 2010 నుండి ఎన్5 మొదలు ఎన్1 వఱకు అయిదు మెట్లుగా జరుగుచున్నది. జంషెడ్‌పురపు విద్యార్థి రమారమి 250 కిలోమీటర్ల రైలుప్రయాణము చేసి కలకత్తాలో నీ పరీక్షకు కూర్చుండవచ్చును. కాని ఎన్1 ఉత్తీర్ణతయే ప్రౌఢపాండిత్యమని భావించుట పొరపాటు. ఆ పరీక్షలో చదువుటకును వినుటకును తావున్నది గాని, మాటాడుటకును వ్యాసము వ్రాయుటకును లేదు.

అంతర్జాల నిఘంటువులలో పెక్కింటికి మూలము జేఎండిక్ట్ అను కోశము. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయమునకు చెందిన జిమ్ బ్రీన్ 1991లో ప్రారంభించిన కోశము నుండి యిది పెరిగినది. ఇందు ఆంగ్లముతోపాటు జర్మను, ఫ్రెంచి, రష్యను, డచ్చి మున్నగు భాషలలో నర్థములు కలవు; తెలుగు లేదు. ఆంగ్లార్థముపై నాధారపడుటలోని నష్టము ఒక్క ఉదాహరణముచే తేటపడును. 'తబెతె మిరు' అను ప్రయోగమునకు ఆంగ్లమున 'తినుటకు ప్రయత్నించు' అను నర్థమునిచ్చు పదమును వాడుదురు. జపానులో 'తబెతె' అనగా తిని, 'మిరు' అనగా చూచు. 'తిని చూడు' అని యనుదినము వినుచున్న తెలుగు పిల్లవానికి ఇందు వివరింపవలసిన దేమున్నది? 'మొత్తె కురు' అనగా పట్టుకొని వచ్చు. 'షితె ఒకు' అనగా చేసి యుంచు. క్త్వార్థకముపై మఱియొక క్రియను చేర్చి అర్థచ్ఛాయను సాధించు మార్గము రెండు భాషలకును సమానము.

ఈ యొక్క విషయమున హిందీయు కొంత తోడ్పడును. విశేషణవాక్యముల కడ మాత్రము తెలుగుదే పైచేయి. 'కినో కిత హితొ' అనగా 'నిన్న వచ్చిన మనిషి'. మాటకు మాట, క్రమమునకు క్రమము సరిపోవుచున్నది. ఆంగ్లమునకు సంబంధబోధక సర్వనామము కావలెను. హిందీలో కృదంతప్రయోగము లేకపోలేదు గాని, 'జో' అను దానితో వాక్యమును విడదీయుటయే వాడుక. ప్రౌఢవచనములో నిట్టి విశేషణములు మూడు నాలుగు వరుసగా నామమునకు ముందు పేరుకొనును. ఆంగ్లముఖమున నేర్చినవాడు వాక్యమును తోకనుండి తలవైపునకు చదువుకొనును. తెలుగువాడు వచ్చినది వచ్చినట్లు చదువుకొని పోగలడు. 'కురు తొ ఇత్త' యందలి 'తొ' కును 'వస్తానని అన్నాడు' అనుటలోని 'అని' కిని ప్రయోజన మొక్కటియే. పుట్టుక మాత్రము వేఱు: మన 'అని' అను ధాతువునుండి వచ్చినది, 'తొ' విభక్తివంటి నిపాతము.

ఈ పోలికలను చూచి రెండు భాషలును ఒక్కతల్లి బిడ్డలని తొందరపడరాదు. ఒనొ సుసుము తమిళ–జపాను బాంధవ్యమును ప్రతిపాదించెను గాని, భాషాశాస్త్రజ్ఞులలో నధికసంఖ్యాకు లంగీకరింపలేదు. పోలికకు చుట్టరికము నిరూపింపనక్కఱ లేదు. అభ్యాసమునకు పోలికయే చాలును.

పదజాలమునందును తెలుగు పండితుడు వింతపడడు. దేశ్యమునకు 'వగొ' అనియు, చీనానుండి వచ్చిన దానికి 'కంగొ' అనియు పేర్లు. 'మిజు' నీరు, 'సుయ్' సమాసములలో కానవచ్చు జలము వంటిది. మన లాక్షణికులు వైరిసమాసమును నిషేధించిరి. జపానువారు నిషేధింపక, దానికొక చక్కని పేరు పెట్టిరి. 'జూబకొ' అనగా ఒకదానిపై నొకటి పేర్చిన భోజనపు పెట్టె. అందు 'జూ' చీనా యుచ్చారణము, 'బకొ' దేశ్యము. ఇట్టి సమాసముల చదువుబడికి 'జూబకొ చదువు' అనియే పేరు.

తెలుగు చేయి విడుచు చోట్లును కలవు. 'కొని పెట్టెను' అన్నచో ఎవరు ఎవరికి కొనిరో క్రియ చెప్పదు. జపానులో తనవైపునకు వచ్చిన యుపకారమునకు 'కత్తె కురెత' అనియు, ఇతరులకు చేసినదానికి 'కత్తె అగెత' అనియు విభాగము తప్పనిసరి. స్వరభేదము మఱియొకటి. 'ఒబసన్' పిన్నత్త వంటి స్త్రీ, 'ఒబాసన్' అవ్వ. ఈ హ్రస్వదీర్ఘభేదము తెలుగు చెవికి సులభము. కాని 'హషి' అను మాట స్వరభేదముచే భోజనపు పుల్లలును, వంతెనయు నగుట తెలుగు చెవి కలవడినది కాదు. దీనికి టోక్యో విశ్వవిద్యాలయమున రూపొందిన ఓజాద్ అను స్వరకోశము మంచి శరణ్యము. ప్రయోగసందేహములకు జపాను జాతీయ భాషాపరిశోధనసంస్థ వారి లిఖితభాషాసంచయము కలదు. పది కోట్ల పదముల ఈ సంచయము 2011లో వెలువడినది. పేరు నమోదు చేసికొన్నవారు 'చూనాగొన్' అను సాధనముచే దీనిని శోధింపవచ్చును. 'కురెత', 'అగెత' అను రూపములను వెదకి నూఱు వాక్యములు చదువుట, సూత్రము వల్లించుటకంటె మేలు.

పఠనమునకు 1997లో ఆరంభమైన అఒజొర బుంకొ అను గ్రంథాలయమును మించినది లేదు. సోసెకి, అకుతగవ, దజయ్, తనిజకి మున్నగువారి రచన లందు ఉచితముగ నున్నవి. 2018 డిసెంబరులో గ్రంథస్వామ్యము రచయిత మరణానంతరము 50 ఏండ్లనుండి 70 ఏండ్లకు పెరిగినది. అందుచే 1968లోను తరువాతను మరణించినవారి రచనలు, కవబతవి సైతము, కాలపరిమితి తీరి చాలకాలమువఱకు చేరవు. విద్యార్థి మొదట చూడవలసినది గ్రంథము పేరు కాదు, దాని లిపిసూచన. 1946 సంస్కరణమునకు ముందటి వర్ణక్రమమున 'కెఫు' అని వ్రాసి 'క్యో' అని చదువుదురు, అర్థము 'నేడు'. ఇది తెలియనివాడు ప్రాతప్రతి చేపట్టి, తన పాండిత్యమే చాలదని నిరాశ చెందును. గ్రాంథిక వ్యావహారిక వివాద మెఱిగిన తెలుగువాని కీ కష్టము క్రొత్తది కాదు.

ఇక కొఱత జపాను–తెలుగు కోశము. జేఎండిక్ట్ మూలమును పేర్కొని, అదే నిబంధనపై మరల పంచిపెట్టు షరతుతో, ఎవరైనను వాడుకొనవచ్చును. దానికి తెలుగర్థములను చేర్చుటకు అడ్డు లేదు. పని నామములతో గాక క్రియలతో, అందును 'మిరు', 'ఒకు', 'కురు', 'షిమౌ' వంటి సహాయక్రియలతో మొదలుపెట్టుట యుక్తము. ఆంగ్లమున నొక్కొక్క పుట వివరణము వలయు ఆ మాటలకు తెలుగున 'చూచు', 'ఉంచు', 'వచ్చు', 'వేయు' అని ఒక్కొక్క మాట చాలును.