తిథి గుర్తుంది, ఏడాది ఎవరు రాశారు?

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అమ్మకు ఎనభై అయిదేళ్ళు. తాతయ్య చీరాల దగ్గర పల్లెటూళ్ళో పోయారు. తద్దినం మాఘ బహుళ ఏకాదశి అని అందరూ ఒప్పుకుంటారు. పేచీ అంతా సంవత్సరం దగ్గరే. మన్మథలో పోయారని మేనమామ కొడుకులు, కాదు దుర్ముఖిలో అని అమ్మ. పంచాయతీలో అడిగితే అంత పాతవి మా దగ్గర లేవన్నారు. ఒక్క ఏడాది తేడాకు ఇంత రభస ఎందుకో నాకు అర్థం కావడం లేదు. అసలు తేదీ తేలే దారి ఉందా?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎందుకో మీ మేనమామ కొడుకులకు బాగానే అర్థమైందమ్మా. మన్మథ మాఘ బహుళ ఏకాదశి 1956 మార్చిలో వచ్చింది. దుర్ముఖిలో అదే తిథి 1957 ఫిబ్రవరిలో వచ్చింది. ఈ రెంటికీ నడుమ, 1956 జూన్ 17న, హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. తండ్రి అంతకుముందే పోయి ఉంటే, కొడుకులుండగా కూతురికి వాటా అన్న మాటే లేదు. ఆ తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే, కొడుకులతోపాటు కూతురూ మొదటి తరగతి వారసురాలే. ఇన్నేళ్ళ తర్వాత ఆ హక్కు కోర్టులో నిలుస్తుందా, గడువు దాటిపోయిందా అన్నది వకీలు చెప్పాల్సిన మాట. తేదీ మాత్రం మీరే వెతకాలి.

ముందు ఊరి పాత చిరునామా సరిచేసుకోండి. తాతయ్య పోయిన నాటికి మీ ఊరిది గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా. 1970లో కొత్తగా వచ్చిన ఒంగోలు జిల్లాలో కలిసింది. రెండేళ్ళకు ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. అర్జీలో ఇవన్నీ రాయకపోతే ప్రతి ఆఫీసూ మిమ్మల్ని పక్క ఆఫీసుకు పంపిస్తుంది.

పంచాయతీవాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆ రోజుల్లో చావుపుట్టుకలు రాసింది వాళ్ళు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి 1899 చట్టం కింద గ్రామాధికారులు రాసేవారు, లెక్క తాలూకా కచేరీకి వెళ్ళేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు కాగితాలు చేతులు మారాయి. కొన్ని కచేరీకి చేరాయి, కొన్ని కరణంగారి అటక మీదే ఉండిపోయాయి. కాబట్టి తహసీల్దారు ఆఫీసులో అడగండి. నోటిమాటగా కాదు, సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. లేవంటే ఆ మాటే రాసిమ్మనండి. రికార్డు లేదన్న కాగితం చేతిలో ఉంటే మిగతా సాక్ష్యాల వైపు చూడమని కోర్టును అడగడం తేలికవుతుంది.

ఆ మిగతా సాక్ష్యాలు చాలాసార్లు ఇంట్లోనే ఉంటాయి. అమ్మ పెళ్ళి ఎప్పుడైంది? 1956 వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో అయి, శుభలేఖలో ఆహ్వానించింది తాతయ్యే అయితే, మన్మథ వాదం అక్కడితో సరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తాతయ్య పొలానికి పాత ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. 1956 ఏప్రిల్ తర్వాత ఆయన సంతకంతో అమ్మకమో తనఖానో కనబడితే ఇంకేం కావాలి? ఆయన్ని చనిపోయిన వ్యక్తిగా చూపిస్తూ కొడుకులు రాసుకున్న పంపకం దస్తావేజు ఉంటే దాని తేదీ చూడండి. భూమి లెక్కల్లో పట్టా ఆయన పేరు నుంచి ఎప్పుడు మారిందో కూడా చూడండి. పేరు మారిన ఏడాదే మరణించిన ఏడాది అనుకోకండి. మనవాళ్ళు పట్టా మార్పించడానికి పదేళ్ళు తీసుకున్న సందర్భాలున్నాయి. అంతకు ముందే పోయారన్నది మాత్రం రుజువవుతుంది.

ఇక అడగని మాట ఒకటి చెబుతాను. తద్దినం పెట్టడానికి తిథి చాలు, వాటా అడగడానికి సంవత్సరం కావాలి. తిథి గుర్తుపెట్టుకునే పని కొడుకుది, సంవత్సరం మరచిపోతే నష్టం కూతురిది. ఈ శీర్షికకు ఇలాంటి ఉత్తరం రాసేది ఎప్పుడూ కూతుళ్ళో, కూతుళ్ళ కూతుళ్ళో కావడం వింతేమీ కాదు. మీ అమ్మగారి జ్ఞాపకాన్ని ముసలావిడ మాట అని కొట్టిపారేయకండి. ఇవాళే కూర్చోబెట్టి అడగండి: అప్పుడు కడుపుతో ఉన్నారా, ఉంటే ఎన్నో నెల, పురుడు ఏ ఊళ్ళో పోసుకున్నారు, కబురు ఎవరు తెచ్చారు. పురుటితో ముడిపడిన జ్ఞాపకం అంత తేలిగ్గా తప్పదు. చెప్పింది చెప్పినట్టు రాసి, కింద ఆ రోజు తేదీ వేసి, ఆవిడ చేత సంతకం పెట్టించండి.

ప్రశ్న: నాన్నగారి డెత్ సర్టిఫికెట్‌లో ఏ జబ్బుతో పోయారో రాయలేదు. మళ్ళీ దరఖాస్తు పెట్టాలా?
- ఓ పాఠకుడు, కోదాడ

జవాబు: వద్దు, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం మరణ కారణాన్ని ఆ కాగితం మీద వెల్లడించవద్దంటోంది.

ప్రశ్న: అన్నయ్య గుంటూరు పెద్దాసుపత్రిలో పోయాడు. దహనం మా ఊళ్ళోనే చేశాం. పంచాయతీ కార్యదర్శి సర్టిఫికెట్ ఇవ్వనంటున్నాడు. ఏం కావాలో అడుగుతున్నాడేమో?
- ఓ పాఠకుడు, మాచర్ల

జవాబు: పాపం, ఆయన్నెందుకు అనుమానిస్తారు? ప్రాణం ఎక్కడ పోతే అక్కడే నమోదు. ఆసుపత్రి కబురు పంపాల్సింది గుంటూరు నగరపాలక సంస్థకు. అక్కడ అడగండి.

ప్రశ్న: నేను అమెరికాలో ఓ చిన్న కౌంటీలో ఉంటాను. ఇక్కడి లైబ్రరీలో వందేళ్ళ కిందటి వారపత్రికలు తిరగేస్తే మామూలు రైతు చనిపోయినా నాలుగు పేరాలు రాసి ఉంటుంది. జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్ళో మా ముత్తాత గురించి ఒక్క వాక్యం కూడా దొరకలేదు. మనవాళ్ళకు ఇంత నిర్లక్ష్యమా?
- ఓ పాఠకుడు, అయోవా

జవాబు: నిర్లక్ష్యం కాదు నాయనా, మీ ముత్తాత ఊరికి పత్రికే లేదు. మీ కౌంటీలో అచ్చుయంత్రం ఊరి మధ్యనే ఉండేది. మన ఆంధ్రపత్రిక 1914 నుంచి దినపత్రికగా మద్రాసులో అచ్చయ్యేది. అంత దూరాన ఉన్నవారికి జమీందారో, ప్లీడరో, కాంగ్రెసు నాయకుడో పోతే కబురు వెళ్ళేది. రెండెకరాల రైతు పోతే ఎవరు చేరవేస్తారు? ముత్తాతగారు గ్రంథాలయోద్యమంలోనో స్వాతంత్ర్యోద్యమంలోనో తిరిగిన మనిషైతే ఆశ వదులుకోకండి. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలకు పెట్టింది పేరు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది. నైజాం వైపు వ్యవహారమైతే హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. కానీ సుమారు నెల, సంవత్సరం తెలియకుండా వెళ్ళకండి. బైండు పుస్తకాలకు సూచిక ఉండదు, ఒక్కో పేజీ తిప్పాల్సిందే.

పత్రిక ఎక్కనివాళ్ళకు వేరే దారులున్నాయి. ఇంట్లో ఎవరైనా గయలో పిండం పెట్టి ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే వంశావళి పుస్తకాల్లో, ఊరి పేరు కింద వంశం పేర్లు ఉండవచ్చు. క్రైస్తవ కుటుంబమైతే పాస్టరుగారి దగ్గర సమాధుల రిజిస్టరు అడగండి. సర్కారు రిజిస్టరు కంటే అది శుభ్రంగా ఉన్న ఊళ్ళున్నాయి. ఇక ఇప్పటి సంగతికొస్తే, మన పల్లెల్లో మరణవార్త అంటే సెంటర్లో కట్టే ఫ్లెక్సీయే. ఫొటో, పేరు, పోయిన తేదీ, కింద కొడుకుల పేర్లు, మండల నాయకుడి దండం. రెండు వానలకు చిరుగుతుంది. కట్టిన రోజే ఫోన్లో ఫొటో తీసి దాచమని ఊళ్ళో మీ తమ్ముడికి చెప్పండి. కూతుళ్ళ పేర్లు లేకపోతే మీరు చేర్చి దాచండి.

ప్రశ్న: బావ దుబాయిలో పనిచేస్తూ చనిపోయాడు. శవం శంషాబాద్ మీదుగా ఊరికొచ్చింది. మా పంచాయతీలో నమోదు చేస్తారా?
- ఓ పాఠకుడు, జగిత్యాల

జవాబు: చేయరు, చేయకూడదు. అక్కడి మరణ ధ్రువపత్రంతో భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. ఆ కాగితాల నకళ్ళు నాలుగైదు జాగ్రత్త చేసి, అసలును ఎవరి చేతికీ ఇవ్వకండి.

ప్రశ్న: మా అత్తగారు ఇంట్లోనే పోయి రెండేళ్ళయింది. ఆవిడ పేర సెంటు భూమి లేదు, పింఛను లేదు, బ్యాంకు ఖాతా లేదు. మరణం నమోదు చేయించలేదు. ఇప్పుడు అవసరమంటారా?
- ఓ పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఆస్తి లేనివాళ్ళు పోతే అది చావు కాదా అమ్మా? ఇంట్లో జరిగిన మరణాన్ని తెలియజేయడం ఇంటి పెద్ద బాధ్యత, చట్టం ఆస్తిపాస్తులు అడగదు. గడువు 21 రోజులు. పెద్దకర్మ అయ్యాక కూడా వారం పైన మిగిలే ఉంటుంది. భోజనాలకు ఎవరెవర్ని పిలవాలో జాబితా రాసుకునేటప్పుడు, పంచాయతీ ఆఫీసుకు ఎవరు వెళ్ళాలో కూడా అందులో ఒక వరస రాసుకుంటే సరిపోయేది. ముప్ఫై రోజుల దాకా ఆలస్య రుసుముతో పోయేది. ఏడాది లోపైతే పై అధికారి అనుమతి చాలేది. మీరు ఏడాది దాటించారు కాబట్టి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరులో అమలైన సవరణ ప్రకారం ఆర్డీవో స్థాయిలోనే ఆ పని జరుగుతుంది. మరణం నమోదు కాలేదన్న పత్రం ముందు పంచాయతీ నుంచి తీసుకుని, దాంతో వెళ్ళండి.

ఫారంలో చనిపోయినవారి తల్లి పేరు అడిగే గడి ఉంటుంది. మనవాళ్ళు దాన్ని దాటేసి భర్త పేరు రాసి వస్తారు. ఆవిడ తల్లి పేరు మీ ఇంట్లో ఎవరికీ తెలియదంటే, ఆర్డీవో ఆఫీసు రేపు చూసుకోవచ్చు. ఇవాళ ఆవిడ పుట్టింటివాళ్ళకు ఫోన్ చేయండి.