ఒకే తప్పు - రెండు శిక్షలు

అమెరికాలో నల్లజాతి పిల్లలకు వేరుగా బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1954లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1960లో ఆరేళ్ళ రూబీ బ్రిడ్జెస్ న్యూ ఆర్లియన్స్ నగరంలో, అంతవరకు తెల్లవారికే పరిమితమైన బడిలో చేరింది. జనం గుమిగూడి కేకలు వేస్తుండగా ప్రభుత్వ రక్షకభటులు ఆమెను లోపలికి తీసుకువెళ్ళారు.

బడి తలుపులు తెరుచుకున్నాయి కాని వివక్ష తొలగిపోలేదు. బడికి తుపాకి తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాదిపాటు బహిష్కరించేలా 1994లో చట్టం వచ్చింది. ఆ కాఠిన్యం క్రమంగా చిన్న తప్పులకు కూడా పాకింది. అనేక బడులలో పోలీసులను నియమించారు.

ఈ శిక్షలు అందరికీ సమానంగా పడలేదు. 2017-18లో అక్కడి ప్రభుత్వ బడులలోని బాలికలలో నల్లజాతివారు నూటికి 15 మంది. కాని బాలికలను బడికి రావద్దని పంపివేసిన సందర్భాలలో నూటికి 45 వీరివే. ఎదురు మాట్లాడటం వంటి ఒకే రకమైన తప్పుకు తెల్లజాతి బాలికలకంటే వీరికి కఠినమైన శిక్ష పడుతున్నదని 2024లో ప్రభుత్వ తనిఖీ సంస్థ తేల్చింది. నల్లజాతి బాలికలను పెద్దలు వారి వయసుకు మించినవారుగా చూస్తున్నారని, వారికి లాలన, రక్షణ అంతగా అక్కరలేదని భావిస్తున్నారని 2017లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించారు.

2015లో దక్షిణ కెరొలినా రాష్ట్రంలో, తరగతి విడిచి వెళ్ళమంటే కదలని ఒక నల్లజాతి బాలికను పోలీసు అధికారి కుర్చీతో సహా పడదోసి ఈడ్చాడు. అది అన్యాయమని గొంతెత్తిన తోటి విద్యార్థినిని కూడా అరెస్టు చేశారు. అధికారి ఉద్యోగం పోయింది. బడికి అంతరాయం కలిగించడం నేరమనే చట్టంపై ఆ విద్యార్థిని, మరికొందరు న్యాయస్థానానికి వెళ్ళారు. 2018లో శాసనసభ ఆ చట్టాన్ని సవరించింది. 2023లో అప్పీలు కోర్టు కూడా వారి పక్షాన తీర్పు ఇచ్చింది.

నల్లజాతివారి సహజమైన జుట్టును, జడల తీరును సాకుగా చూపి బడులలో వివక్ష చూపరాదని 2019లో కాలిఫోర్నియా చట్టం చేసింది. తరువాత మరికొన్ని రాష్ట్రాలు ఆ దారిని అనుసరించాయి.

బడికి క్రమశిక్షణ అవసరమే. అయితే శిక్ష తప్పును చూసి పడాలి గాని, తప్పు చేసినవారి రంగును చూసి కాదు.

అర్థాలు
వివక్ష = భేదభావంతో చూడటం
కాఠిన్యం = కఠినత్వం
సాకు = నెపం

ప్రశ్నలు
1. 1994 నాటి చట్టం ఉద్దేశమేమిటి? దాని ఫలితం ఎలా మారింది?
2. నూటికి 15, నూటికి 45 అనే అంకెలు ఏమి తెలుపుతున్నాయి?
3. తోటి విద్యార్థిని చేసిన పని సరైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.