తడబడే అడుగులు

హైదరాబాదు నగరంలో రాళ్లగుట్టల నడుమ వెలసిన జూబిలీహిల్స్, దానిని ఆనుకొన్న ఫిల్మ్‌నగర్ తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవు. స్టూడియోలు, నిర్మాతల కార్యాలయాలు గల ఆ పరిసరాలలోనే 1988లో అపోలో ఆసుపత్రి ప్రారంభమైంది. నడవలేని బిడ్డ ఈ రెండు లోకాలకూ పరిచితుడే. వెండితెరపై ఆ బిడ్డ గుడిగంటలు మోగినప్పుడో, తల్లికి ఆపద వచ్చినప్పుడో చక్రాల కుర్చీలో నుండి లేచి పరుగెత్తుతాడు. ప్రేక్షకులు కన్నీరు తుడుచుకొంటారు. వైద్యుని గదిలో కథ అంత సులువుగా నడవదు. బిడ్డ ఎందుకు నడవలేకపోతున్నాడో తేలేదాకా అక్కడ ఏ చికిత్సకూ అర్థం లేదు.

నడక చూడడానికి తేలికైన పని. నిజానికి శరీరంలోని ఎన్నో భాగాలు ఒక్కటై నడిపించే వ్యవహారమది. ఆజ్ఞ మెదడు పైపొరలో పుట్టి వెన్నుపాము గుండా దిగుతుంది. అక్కడ నరం దానిని అందుకొని కండరానికి చేరుస్తుంది. కండరం ఎముకను కదిలిస్తుంది. ఈలోగా చిన్నమెదడు శరీరపు తూకం చెడకుండా కాపాడుతుంది. ఈ దారిలో ఏ మజిలీలో లోపం కలిగినా అడుగు తడబడుతుంది. అయితే ఒక్కొక్క లోపానికి తడబడే తీరు వేరు. ఆ తీరును చదవడమే నాడీవైద్యుని మొదటి విద్య.

అందుచేతనే అనుభవజ్ఞుడైన వైద్యుడు యంత్రాల జోలికి పోకముందే బిడ్డ చెప్పులు విప్పించి, పొడవైన వరండాలో అటూ ఇటూ నడిపించి చూస్తాడు. మోకాళ్లు ఒరుసుకొంటూ, మునివేళ్లపై, కత్తెర ఆడినట్లు కాళ్లు అడ్డంగా పడుతుంటే మెదడు నుండి దిగే నాడీమార్గంలో లోపమున్నదని గ్రహిస్తాడు. ఒక కాలిని అర్ధచంద్రాకారంగా తిప్పి వేస్తూ, ఆ వైపు చేతిని మడిచి పట్టుకొనే బిడ్డలో మెదడు రెండవ సగంపై అనుమానం కలుగుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి తూలితే చిన్నమెదడు, పాదం వ్రేలాడి నేలను టపటప కొడుతుంటే కాలి నరాలు, నడుము ఊపుతూ బాతువలె నడిస్తే తుంటి కండరాలు గుర్తుకు వస్తాయి. చెప్పులు కూడా సాక్ష్యం చెబుతాయి. వేళ్ల దగ్గర మాత్రమే అరిగిన చెప్పు మడమ నేలకు ఆనడం లేదని తెలుపుతుంది. అరికాలిని మొద్దుపుల్లతో గీసినప్పుడు బొటనవేలు పైకి లేస్తే, రెండేళ్లు దాటిన బిడ్డలో అది మెదడు లేదా వెన్నుపాము లోపానికి గుర్తు. 1896లో ఫ్రెంచి వైద్యుడు బాబిన్‌స్కీ వెల్లడించిన ఈ చిన్న పరీక్షకు నేటికీ విలువ తగ్గలేదు.

కాలు వంకర పోయినంత మాత్రాన లోపం నరాలదే అనుకోరాదు. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు తాగిన పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రపంచానికి తెలియజేశారు. అక్కడ చెడినది ఎముక. అట్లే ఎముకల వైద్యుని వద్దకు వచ్చిన బిడ్డలు కొందరికి అసలు లోపం నరాలలోనో, కండరాలలోనో ఉంటుంది. పంజాగుట్టలో నేడు నాడీవైద్యానికి పేరొందిన నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఒకప్పుడు నిజాం ఎముకల ఆసుపత్రి కావడం ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

నడక చూచిన తరువాత వైద్యుడు అడిగే ప్రశ్న, 'ఇది ఎప్పుడు మొదలైంది?' నిన్నటిదాకా ఆడుకొన్న బిడ్డ ఒకటి రెండు రోజులలో కాళ్లు చచ్చుబడి కూలబడితే అది అత్యవసర పరిస్థితి. పూర్వం అట్టి బిడ్డను చూడగానే పోలియో అనేవారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014లో దేశం పోలియో రహితమని ధ్రువీకరించారు. అయినా పదిహేనేళ్ల లోపు బిడ్డకు హఠాత్తుగా కాలు మెత్తబడితే ప్రభుత్వానికి తెలిపి, మలపరీక్ష చేయించవలసినదే. ఇట్టి బిడ్డలలో తరచుగా కనిపించేది గియాన్ బారే వ్యాధి. పాదాల నుండి పైకి పాకే ఈ నీరసం శ్వాసకండరాలను చేరకముందే ఇమ్యునోగ్లోబ్యులిన్ వంటి చికిత్స అందితే అధికశాతం పిల్లలు తిరిగి నడుస్తారు.

పుట్టినప్పటి నుండి అన్నీ ఆలస్యమైన బిడ్డ కథ వేరు. మెడ నిలపడం, కూర్చోవడం ఆలస్యమై, పద్దెనిమిది నెలలు నిండినా అడుగు పడకపోతే పరీక్ష చేయించక తప్పదు. ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగలడం వలన కలిగే సెరిబ్రల్ పాల్సీ వీరిలో ముఖ్యమైనది. నెలలు నిండకముందు పుట్టుకకూ, కాన్పు కష్టానికీ ఈ వ్యాధితో గల సంబంధాన్ని విలియం జాన్ లిటిల్ 1861లో లండను వైద్యుల ఎదుట వివరించాడు. చిన్ననాటి జబ్బుతో ఆయన పాదం కూడా వంకరపోయింది. ఈ వ్యాధిలో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. వ్యాయామ చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. ఆ విలువైన కాలం మూఢనమ్మకాలకు బలి కావడం విచారకరం. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం నాడు కర్ణాటకలోని కలబురగి దగ్గర తల్లిదండ్రులు వికలాంగులైన పిల్లలను మెడలోతు మట్టిలో పాతిపెట్టిన వార్త దేశమంతా చదివింది.

వ్యాధికి ఒక పేరు పెట్టినంతనే విచారణ ముగియరాదు. జపాను వైద్యుడు సెగావా 1970వ దశకంలో వర్ణించిన ఒక వ్యాధిలో బిడ్డ ఉదయం చక్కగా నడుస్తుంది. సాయంకాలానికి పాదం మెలితిరిగి కుంటుతుంది. నిద్రపోయి లేస్తే మళ్లీ మామూలే. మెదడులో డోపమిన్ అనే పదార్థం చాలకపోవడం దీనికి కారణం. ఇది తెలియక సెరిబ్రల్ పాల్సీ అని ముద్రవేస్తే బిడ్డ ఏళ్ల తరబడి కుర్చీకి అంకితమవుతుంది. తెలిస్తే కొద్ది మోతాదు లీవోడోపా మాత్రతో కొద్ది రోజులలోనే లేచి నడుస్తుంది! చలనచిత్రపు అద్భుతం నిజమయ్యే సందర్భం ఇదొక్కటి కాబోలు. 'ఉదయానికీ సాయంకాలానికీ తేడా ఉన్నదా?' అని తల్లిని అడగడానికి పైసా ఖర్చు లేదు.

బాగా నడిచిన బిడ్డ క్రమంగా నడక కోల్పోవడం అన్నిటికంటె గంభీరమైన సూచన. మూడు, నాలుగేళ్ల మగపిల్లవాడు తరచుగా పడిపోతుంటాడు, మెట్లెక్కలేడు, నేలపై నుండి లేవడానికి తన మోకాళ్లపైనా, తొడలపైనా చేతులూని, తన శరీరం మీద తానే ఎగబాకుతాడు. గవర్స్ 1879లో వర్ణించిన ఈ గుర్తు డూషెన్ కండరక్షీణతను తలపింపజేస్తుంది. పిక్కలు లావుగా ఉండడం చూచి ఇంటివారు బలమని మురిసిపోతారు. ఆ లావు బలం కాదు. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము అనేక రెట్లు పెరుగుతుంది. కాలేయ పరీక్షలలో కనిపించే ఎంజైములు కూడా పెరగడంతో కొందరు పిల్లలకు కాలేయ జబ్బని భ్రమించి మందులిస్తారు. ఈలోగా ఒకటి రెండేళ్లు గడిచిపోతాయి.

ఈ వ్యాధికి మూలమైన జన్యువును 1986లో కనుగొన్నారు. నేడు రక్తపరీక్షతోనే దానిని నిర్ధారించవచ్చు. హైదరాబాదు ఉప్పల్‌లోని డి.ఎన్.ఎ. వేలిముద్రలు, రోగనిర్ధారణ కేంద్రం ఇట్టి జన్యుపరీక్షలకు ప్రసిద్ధి. వ్యాధి సమూలంగా నయం కాదు. స్టెరాయిడ్ మందులు నడకను కొన్నేళ్లు పొడిగిస్తాయి. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఈ పిల్లల తల్లులలో దాదాపు మూడింట రెండు వంతుల మంది తమకు తెలియకుండానే ఆ జన్యులోపాన్ని మోస్తుంటారు. పెద్దకుమారుని వ్యాధి పేరు తేలకముందే తల్లి మళ్లీ గర్భవతి అయితే, రెండవ కుమారుడు కూడా అదే బాధతో పుట్టవచ్చు. తల్లితో పాటు ఆమె అక్కచెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించాలని వైద్యులు సలహా ఇచ్చేది ఇందుకే.