ప్రథమ ప్రపంచ యుద్ధమున సైనికుల దుస్తులు

సైనికుని చిత్రమును చూచినప్పుడు పిల్లలు “ఇతని దుస్తులు మట్టిరంగున నేల యున్నవి?” అని యడుగుట కలదు. తల్లిదండ్రులు చెప్పదగిన సమాధానము 1914 మొదలు 1918 వఱకు జరిగిన ప్రథమ ప్రపంచ యుద్ధ చరిత్రలో నున్నది.

పూర్వము తుపాకులు ప్రేలినంతనే యుద్ధభూమిని దట్టమైన పొగ క్రమ్ముచుండెను. ఆ పొగలో తనవారెవరో, పరులెవరో గుర్తించుటకు మెఱయు రంగులు సేనానికి తోడ్పడెను. 19వ శతాబ్దపు చివర పొగ రాని తుపాకిమందు, దూరమునకు గుఱి తప్పని తుపాకులు వచ్చెను. అంతట మెఱయు దుస్తులే శత్రువునకు గుఱియయ్యెను.

బ్రిటిషువారు ఈ పాఠమును భారతదేశముననే నేర్చిరి. 1846లో పెషావరున నేర్పడిన గైడ్సు దళము ధూళిరంగు దుస్తులను ధరింపసాగెను. పారసీక భాషలో ‘ఖాక్’ అనగా ధూళి. మనము నిత్యము పలుకు ‘ఖాకీ’ దాని నుండి పుట్టినదే. 1902 నాటికి బ్రిటిషు సైన్యమంతటికిని యుద్ధసేవలో ఖాకీ దుస్తులు విధింపబడెను. జర్మనులు 1910లో బూడిదరంగును స్వీకరించిరి.

ఫ్రెంచివారు మాత్రము 1829 నుండి వచ్చుచున్న ఎఱ్ఱని షరాయిని విడువలేదు. మార్పవలెనని కొందఱు కోరినను, అది జాతిగౌరవమునకు భంగమని పెక్కురు వాదించిరి. తుదకు 1914 జూలైలో మార్పునకు శాసనమైనది. క్రొత్త బట్ట సిద్ధము కాకమునుపే ఆగస్టులో యుద్ధము వచ్చిపడెను. ఆగస్టు 22వ తేదీన, ఒక్కనాడే, సుమారు 27,000 మంది ఫ్రెంచి సైనికులు మడిసిరి. మరతుపాకులు, ఫిరంగులు, బయలున ఎదురేగి పోరు పద్ధతి దీనికి ముఖ్య కారణములు. ఎఱ్ఱరంగు వానికి తోడయ్యెను. నీలము, తెలుపు, ఎఱుపు నూళ్లను కలిపి క్రొత్త బట్ట నేయ దలచిరి గాని, ఎఱ్ఱని అద్దకపు రంగు జర్మనీ నుండి రావలసినది! ఎఱుపును విడువగా లేతనీలము మిగిలెను. 1915లో ఆ దుస్తులే సైనికులకు లభించెను.

యుద్ధారంభమున ఏ సైన్యమునకును ఉక్కు శిరస్త్రాణములు లేవు. ఫ్రెంచివారు బట్టటోపీలను, జర్మనులు మొన గల తోలు శిరస్త్రాణములను ధరించిరి. కందకములలో ఫిరంగి గుండ్ల తునకలు తలలకు తగులుచుండుటచే ఫ్రెంచివారును, బ్రిటిషువారును 1915లో, జర్మనులు 1916లో ఉక్కు శిరస్త్రాణములను ప్రవేశపెట్టిరి.

ఆచారము గౌరవింపదగినదే. అయినను కాలమెఱిగి దానిని సవరించుకొనుట పెద్దల ధర్మము. షరాయి రంగును గూర్చి వాదించినవారు సభలలోని పెద్దలు. ఆలస్యమునకు మూల్యము చెల్లించినవారు వారి బిడ్డల యీడు యువకులు. ఖాకీ దుస్తులు కంటబడినప్పుడు మన బిడ్డలకు ఈ కథను కూడ చెప్పుదము గాక.